గ్నాడెనావ్ ఊరు ఎలా పుట్టింది, ఎందుకు చెదిరింది? (కాన్సస్, 1874)

ఉమ_విచిటా
అందరికీ నమస్కారం. ఇక్కడ పాలమూరు, నల్లగొండ వైపు వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. కాన్సస్‌లో మారియన్ కౌంటీ, అందులో హిల్స్‌బోరో అని ఒక చిన్న పట్నం. దానికి ఆగ్నేయంగా రెండు మైళ్ల దూరంలో 1874లో గ్నాడెనావ్ అనే ఊరు వెలిసింది. క్రిమియా నుంచి వచ్చిన మెన్నోనైట్లు కట్టుకున్న ఊరు అది. ఇప్పుడు అక్కడ పొలాలు తప్ప ఊరు లేదు. కట్టిన కొద్ది ఏళ్లకే వీధి చెదిరిపోయింది. కానీ ఇలాంటి వలస సంఘాల నుంచి బయల్దేరిన మనుషులే నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, శంషాబాద్‌లలో బడులు, ఆసుపత్రులు పెట్టారు. మన దగ్గర ఎం.బి. (మెన్నోనైట్ బ్రెద్రెన్) చర్చి అంటే అందరికీ తెలుసు, దాని వెనక ఉన్న ఈ పల్లెల గురించి మాత్రం తెలుగులో ఎక్కడా సరిగ్గా రాసినట్టు కనిపించలేదు.

ముందు నేపథ్యం కొంచెం. 16వ శతాబ్దంలో హాలండ్ ప్రాంతంలో మెన్నో సైమన్స్ అనే మతగురువు వెంట నడిచినవాళ్లు వీళ్లు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఆయుధం పట్టరు, ఒట్టు పెట్టరు. హింసలు తట్టుకోలేక ఇప్పటి పోలండ్‌లో ఉన్న విస్తులా నది డెల్టాకు వెళ్లారు. అక్కడి నుంచి రష్యా రాణి కేథరిన్ పిలుపు మీద 1789లో ఇప్పటి దక్షిణ ఉక్రెయిన్‌కు, 1804 నుంచి మొలోచ్నా నది ఒడ్డుకు, 1860లలో కొందరు క్రిమియాకు. సైన్యంలో చేరక్కర్లేదని రష్యా ఇచ్చిన మాట వంద ఏళ్లు కూడా నిలవలేదు. 1870 ప్రాంతంలోనే ఆ రాయితీ పోతుందని తేలిపోయింది, 1874లో అందరికీ సైనిక సేవ చట్టం వచ్చింది. అడవుల్లో పనిచేస్తే చాలని తర్వాత సడలించారు గానీ అప్పటికే చాలామంది మూటలు కట్టుకున్నారు. 1870లలో ఉత్తర అమెరికాకు దాదాపు 18,000 మంది వచ్చారు. అందులో 7,000 మంది వరకు కెనడాలోని మానిటోబాకు, మిగతావాళ్లు కాన్సస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, డకోటాలకు.

గ్నాడెనావ్ వాళ్లు క్రిమియాలోని అన్నెన్‌ఫెల్డ్ అనే ఊరి నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల సంఘం పెద్ద పేరు యాకోబ్ వీబే. 1869లో ఈయన ఆధ్వర్యంలో వేరే సంఘం పెట్టుకున్నారు, క్రిమియా మెన్నోనైట్ బ్రెద్రెన్ అంటారు. ముప్పై పైచిలుకు కుటుంబాలు, సంఘం సంఘమంతా కలిసి లేచి వచ్చేశాయి.

నల్లరేగడి
ఉమ గారూ, మంచి విషయం ఎత్తారు. నాది కర్నూలు జిల్లా, వ్యవసాయం. నాకు ముందు తట్టే ప్రశ్న ఒకటే. అంతమందికి ఒకేచోట భూమి ఎవరిచ్చారు? ఊరికే ఇచ్చారా, కొన్నారా? కొంటే డబ్బు ఎక్కడిది?

ఉమ_విచిటా
కొన్నారండీ. శాంటా ఫే రైలు కంపెనీ అమ్మింది. 1863లో అమెరికా ప్రభుత్వం ఆ కంపెనీకి కాన్సస్‌లో సుమారు 30 లక్షల ఎకరాలు ధారాదత్తం చేసింది, పట్టాలు వేస్తే చాలు. పట్టాలయితే వేశారు, కానీ జనం లేని మైదానంలో రైలుకు సరుకెక్కడిది? అందుకని రైతుల్ని వెతకడానికి ఏజెంట్లను పెట్టారు. జర్మన్ మాట్లాడే సి. బి. ష్మిట్ అనే ఆయన్ని మెన్నోనైట్ల కోసమే తిప్పారు, తర్వాత ఆయన రష్యా దాకా వెళ్లొచ్చాడు. వీబేకి కాన్సస్ భూముల్ని తిప్పి చూపించింది కూడా ఆయనే. నెబ్రాస్కా కూడా పిలుస్తోంది, అక్కడి రైలు కంపెనీలు కూడా వీళ్ల కోసం పోటీ పడ్డాయి. చివరికి వీబే వాళ్లు కాన్సస్ వైపు మొగ్గి 12 సెక్షన్లు తీసుకున్నారు.

ఇంకోటి, 1874 మార్చిలో కాన్సస్ శాసనసభ మిలీషియా (రాష్ట్ర పౌర సైన్యం) చట్టం సవరించి, మత విశ్వాసం వల్ల ఆయుధం పట్టనివాళ్లకు మినహాయింపు ఇచ్చింది. వీళ్లు రావాలనే చేశారు. డబ్బు విషయానికొస్తే, రష్యాలో ఆస్తులు తెగనమ్ముకుని వచ్చారు. అందరూ ఒక్కసారిగా అమ్మకానికి పెడితే ధర ఎలా ఉంటుందో తెలిసిందేగా. మిగిలింది కొంత. ముందే అమెరికాలో స్థిరపడిన మెన్నోనైట్లు 1873లో ఒక సహాయ మండలి పెట్టి, క్రిస్టియన్ క్రేబీల్ అధ్యక్షుడిగా, అప్పులిచ్చి, ఓడ చార్జీలు తగ్గించి ఆదుకున్నారు. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో పత్రిక నడిపే జాన్ ఎఫ్. ఫంక్ దగ్గర చాలా బృందాలు దిగి, ఊపిరి పీల్చుకుని ముందుకు సాగాయి.

భూమి_కొలతలు
సర్వే శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి, ఈ సెక్షన్ల సంగతి నేను చెప్తాను. ఒక సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. 12 సెక్షన్లంటే 7,680 ఎకరాలు. 1785 చట్టం ప్రకారం అమెరికా భూమినంతా ఇలా చదరాలుగా గీశారు. కొండ ఉందా, వాగు ఉందా అని చూడకుండా గీసేశారు. 36 సెక్షన్లు కలిస్తే ఒక టౌన్‌షిప్.

రైలు కంపెనీకి ఇచ్చింది బేసి అంకె సెక్షన్లు మాత్రమే. సరి అంకెవి ప్రభుత్వానివి, వచ్చి కాపురం ఉండేవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం కింద ఎవరైనా తీసుకోవచ్చు. అంటే రైలు కంపెనీ దగ్గర ఎంత కొన్నా అది చదరంగం బల్ల మీద నల్ల గళ్లలాగే దొరుకుతుంది, మధ్యలో తెల్ల గళ్లు వేరేవాళ్లవి. ఒకే చెక్కగా భూమి కావాలనుకునే సంఘానికి ఇదే మొదటి దెబ్బ. ఇక హోమ్‌స్టెడ్ కింద తీసుకుందామంటే, ఎవరి భూమిలో వాళ్లే ఇల్లు కట్టుకుని ఐదేళ్లు కాపురం ఉండాలని షరతు. అందరూ ఒకే వీధిలో ఇళ్లు కట్టుకుంటే ఆ షరతు తీరదు.

కెనడాలో ఇందుకే వేరే దారి పట్టారు. మానిటోబాలో మెన్నోనైట్ల కోసం టౌన్‌షిప్‌లకు టౌన్‌షిప్‌లే విడిగా ఉంచారు, తర్వాత చట్టం సడలించి, ఊళ్లో ఇల్లున్నా పొలం పట్టా ఇచ్చారు. అందుకే మానిటోబాలో వీధి ఊళ్లు చాలాకాలం నిలబడ్డాయి. న్యూబెర్గ్‌తాల్ అనే ఊరు ఇప్పటికీ ఆ రూపంలోనే ఉంది, దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు కూడా.

నల్లరేగడి
వీధి ఊరు అంటున్నారు, కాస్త విడమరిచి చెప్పండి. పొలాలు ఎలా పంచుకున్నారు? ఒకడికి వాగు ఒడ్డు, ఇంకొకడికి చవుడు వస్తే గొడవ కాదా?

ఉమ_విచిటా
ఒకటే వీధి, రెండు వైపులా ఇళ్లు. రష్యాలో వాళ్ల ఊళ్లన్నీ ఇలాగే ఉండేవి. ఇంటి వెనక పెరడు, పండ్ల చెట్లు, ఆ వెనక పొలం. గ్నాడెనావ్‌లో కొన్న సెక్షన్లను పొడవాటి పట్టీలుగా చీల్చుకున్నారు. ప్రతి కుటుంబానికి ఊరికి దగ్గర్లో కొంత, దూరంలో కొంత. మంచి నేల, మామూలు నేల అందరికీ వచ్చేలా చూసుకున్నారు. మీరన్న గొడవ రాకూడదనే ఆ ఏర్పాటు. పశువులకు ఉమ్మడి బీడు. ఊరి వ్యవహారాలకు ఒక పెద్దను ఎన్నుకునేవాళ్లు. వీధుల నిర్వహణ, పశువుల కాపరి జీతం, బడి, అన్నీ ఆయన చూసుకోవాలి.

నాకు ఈ భాగమే మనసుకు పడుతుంది. చేతిలో డబ్బు అంతంతమాత్రమే అయినా, నిలవడానికి నీడ లేకపోయినా, ముందు వీధి గీసుకున్నారు. ఇంకా ఇళ్లు లేవు, వీధి మాత్రం ఎక్కడ ఉండాలో తేలిపోయింది.

పాలమూరు_శీను
అక్కా, మాది వనపర్తి. మా తాత ముత్తాతల కాలం నుంచి ఎం.బి. చర్చే. ఇవన్నీ మాకెవరూ చెప్పలేదు. మొదటి సంవత్సరం ఎట్ల బతికిండ్రో చెప్పుండ్రి, ఇల్లు లేదు, పంట లేదు, చలికాలం ముందట ఉన్నది కదా.

ఉమ_విచిటా
శీనూ, వాళ్లు దిగింది ఆగస్టులో. పీబడీ అనే స్టేషన్‌లో రైలు దిగి, బండ్ల మీద ఉత్తరాన సౌత్ కాటన్‌వుడ్ నది వైపు వెళ్లారు. ఆ సంవత్సరం కాన్సస్‌లో మిడతల దండు పడింది. మొక్కజొన్న, కూరగాయలు, చెట్ల ఆకులు ఏవీ మిగల్లేదు. అంతకుముందు వచ్చిన అమెరికన్ రైతులు కొందరు వదిలేసి తూర్పుకు తిరిగి పోతున్నారు. సరిగ్గా ఆ సమయంలో వీళ్లు ఎదురు వచ్చారు. ఎటు చూసినా గడ్డి, చెట్టన్నది లేదు. వీబే తన జ్ఞాపకాల్లో ఆ మొదటి రోజుల దిగులు గురించి దాపరికం లేకుండా రాసుకున్నాడు. పెద్దగా ఉన్నవాడు, తనను నమ్మి ఇన్ని కుటుంబాలు వచ్చాయి, ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించుకోండి.

కలప కొనాలంటే డబ్బు చాలదు. నేల మీది గడ్డిని వేళ్లతో సహా పెళ్లలు పెళ్లలుగా కోసి గోడలు పేర్చారు. పైన పొడవాటి మైదానపు గడ్డి కప్పు. కొన్ని ఇళ్లకైతే గోడలే లేవు, కప్పే నేల దాకా దిగేది. 1875లో కాన్సస్ రాజధాని టొపీకా విలేకరి నోబుల్ ప్రెంటిస్ గ్నాడెనావ్‌కు వచ్చి చూసి రాశాడు. తర్వాత పచ్చి ఇటుకల ఇళ్లు వచ్చాయి, ఇల్లు, కొట్టం ఒకే కప్పు కింద. చలికాలంలో మంచు తుఫానులో బయటికి పోకుండానే పశువుల్ని చూసుకోవచ్చు.

నల్లరేగడి
చెట్లు లేవంటున్నారు. మరి వంటచెరకు? ఆ చలికి నిప్పు లేకుండా ఎట్లా?

ఉమ_విచిటా
గడ్డే. ఇంటి నడిమధ్య గోడల్లో కలిసిపోయేలా ఇటుకలతో పెద్ద పొయ్యి కట్టేవాళ్లు. ఎండుగడ్డి, వరిగడ్డి లాంటి గోధుమ గడ్డి, ఎండిన పేడ చెక్కలు వేసి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బాగా మండిస్తే ఆ ఇటుకల వేడి రోజంతా గదులన్నిటికీ సరిపోయేది. రొట్టె కూడా అందులోనే. పక్కనున్న అమెరికన్లు బొగ్గు కొనలేక అవస్థ పడుతుంటే వీళ్లు కాళ్ల కింద ఉన్న గడ్డితోనే చలికాలం దాటారు. రష్యా మైదానాల్లో 70 ఏళ్లు బతికిన అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది. వాళ్లు ఎంచుకున్న నేల కూడా వాళ్లు వదిలొచ్చిన నేలకు దగ్గరగా ఉండేదే, చెట్లు లేని గడ్డి మైదానం, నల్లమట్టి, తక్కువ వాన.

గోధుమ_గింజ
ఇక్కడ నేను దూరాలి, గోధుమ మీద పనిచేసినవాణ్ణి. కాన్సస్ మెన్నోనైట్లు అనగానే టర్కీ రెడ్ గోధుమ. శరదృతువులో విత్తి, మంచు కింద నిద్రపోయి, వసంతంలో లేచి, జూన్ చివర, జూలై మొదట్లో కోతకు వచ్చే ఎర్ర గట్టి గోధుమ. ఎండలు ముదిరి, మిడతలు వచ్చే వేళకు పంట కళ్లంలో ఉంటుంది. ఆ వాతావరణానికి అంతకంటే సరిపోయే పంట ఇంకోటి లేదు.

ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. క్రిమియాలో ఎనిమిదేళ్ల ఆడపిల్ల తండ్రి చెప్పినట్టు ఒక్కో గింజ చేత్తో ఏరి, నలక లేనివి, ఎర్రటివి చూసి డబ్బా నింపిందని, అవే కాన్సస్ గోధుమలకు మూలమని. ముచ్చటైన కథ. ఇంటింటికీ కొంత విత్తనం వచ్చిన మాట నమ్మొచ్చు, రైతు విత్తనం లేకుండా కదలడు. కానీ రాష్ట్రమంతా ఆ గోధుమ పాకింది డబ్బాల్లో వచ్చిన గింజలతో కాదు. బెర్న్‌హార్డ్ వార్కెంటిన్ అనే మెన్నోనైట్ పిండిమిల్లు యజమాని 1880ల మధ్యలో రష్యా నుంచి పెద్ద ఎత్తున విత్తనం తెప్పించాడు, తర్వాత అమెరికా వ్యవసాయ శాఖ తరఫున మార్క్ కార్ల్‌టన్ రష్యా తిరిగి రకాలు తెచ్చాడు. ఇంకో అడ్డంకి కూడా ఉండేది. గింజ మరీ గట్టి, రాతి తిరగళ్లకు లొంగేది కాదు, మిల్లుల వాళ్లు తక్కువ ధర కట్టేవాళ్లు. ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాకే దాని దశ తిరిగింది.

మేరీ_శంషాబాద్
గోధుమ_గింజ గారూ, ఆ పాప కథను మీరు తేలిగ్గా తీసేయకండి. విత్తనం ఏరేది, దాచేది ఎప్పుడూ ఆడవాళ్లు, పిల్లలే. మిల్లు యజమాని పేరు లెక్కల్లో ఉంటుంది, ఇంట్లో గింజ ఏరిన చేతులు ఏ లెక్కల్లోనూ ఉండవు. ఇటుకలు చేసింది, మట్టి తొక్కింది, గోడలు మెత్తింది, తోట పెంచింది వాళ్లే కదా.

గోధుమ_గింజ
మేరీ గారూ, ఆ శ్రమను నేను కాదనడం లేదు. ఒక డబ్బా గింజలతో కోట్ల ఎకరాలు నిండాయని పాఠ్యపుస్తకాల్లో చెప్పడం సరికాదంటున్నాను, అంతే. విత్తనం ఎలా పాకిందో తెలియాలంటే మిల్లు, రైలు, ప్రభుత్వ శాఖ మూడూ లెక్కలోకి రావాలి.

ఇండియా సంబంధం కూడా చెప్పేస్తాను. జపాన్‌లో 1935లో విడుదలైన నోరిన్ 10 అనే పొట్టి గోధుమ వంశంలో ఒక వైపు టర్కీ రెడ్ ఉంది. ఆ నోరిన్ 10 పొట్టితనమే గోధుమ శాస్త్రవేత్త బోర్లాగ్ చేతి మీదుగా మెక్సికో రకాల్లోకి వెళ్లింది. సోనోరా 64, లెర్మా రోహో పేర్లతో 1960లలో మన పంజాబ్ పొలాలకు వచ్చింది. హరిత విప్లవపు గోధుమలో ఈ మైదానపు గింజ రక్తం కొంత ఉంది.

నల్లరేగడి
అబ్బ, ఈ సంగతి నాకు కొత్త. నూర్పిడి ఎలా చేసేవాళ్లండీ? యంత్రాలు అప్పుడే ఉన్నాయా?

ఉమ_విచిటా
మొదట్లో రాతిగుండుతో. ఏడు పళ్లు చెక్కిన సున్నపురాయి గుండు, గుర్రంతో కళ్లంలో గోధుమ పనల మీద లాగించేవాళ్లు. రష్యాలో వాడినలాంటివే కాన్సస్‌లో రాళ్లతో చెక్కించుకున్నారు. కొన్నేళ్లకే ఆవిరి నూర్పిడి యంత్రాలు రావడంతో ఆ గుండ్లు మూలపడ్డాయి. దగ్గర్లోని న్యూటన్, గోసెల్ పట్నాల చుట్టుపక్కల ఇళ్ల ముందు, మ్యూజియంల ముందు ఇప్పటికీ కనిపిస్తాయి. న్యూటన్ పక్కనే బెతెల్ కాలేజీ ఉంది, మెన్నోనైట్లదే, దాని గుర్తే ఈ నూర్పిడి గుండు.

మేరీ_శంషాబాద్
ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. సంఘం సభల్లో వాళ్లకు ఓటు లేదు. ఎవర్ని చేర్చుకోవాలి, ఎవర్ని వెలివేయాలి, ఎక్కడికి వలస పోవాలి, అన్నీ మగవాళ్లే తేల్చేవాళ్లు. క్రిమియా సంఘం మరీ కట్టుదిట్టం, నగలు, రంగు బట్టలు కూడదు. కానీ ఆస్తి విషయంలో మాత్రం ఆశ్చర్యం. రష్యాలోని మెన్నోనైట్ కాలనీల్లో కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన వాటా, భర్త పోతే భార్యకు సగం. అనాథల, వితంతువుల ఆస్తి చూడటానికి ప్రత్యేకంగా ఒక కార్యాలయం నడిపేవాళ్లు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా 1980లలో గానీ రాలేదు.

ఇంకో పేరు ఇక్కడ ఉండాలి. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్. రష్యాలో పుట్టి, చిన్నప్పుడే 1879లో అమెరికా వచ్చిన అమ్మాయి, తండ్రి కాన్సస్‌లో సంఘం పెద్ద. డాక్టర్ చదివి 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది, మెన్నోనైట్ బ్రెద్రెన్ పంపిన మొదటి వైద్యురాలు. నాగర్‌కర్నూల్‌లో, తర్వాత మా శంషాబాద్‌లో ఆసుపత్రి నడిపింది. 1945లో చనిపోయేదాకా ఇక్కడే. ఆ ఊళ్లలో ఓటు లేని ఆడపిల్లలే ఇక్కడికొచ్చి ఆసుపత్రులు నడిపారు, ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

పాలమూరు_శీను
మేరీ అక్కా, మంచిగ చెప్పిండ్రు. మిషన్ సంగతి నాకు తెలిసినంత నేను రాస్త. మొదట వచ్చింది కాన్సస్ వాళ్లు కాదు. 1889 చివర్ల రష్యాలోని మొలోచ్నా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు వచ్చి, అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండల పని మొదలుపెట్టిండ్రు. అమెరికా వైపు నుంచి 1899ల ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ నోయ్‌ఫెల్డ్ వచ్చిండ్రు. తర్వాత పాంక్రాట్జ్, బెర్గ్‌తోల్డ్. మలక్‌పేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల, ఇట్ల ఒక్కొక్కటి. మహబూబ్‌నగర్ 1937ల బాప్టిస్టుల దగ్గర తీసుకున్నరు. మా చర్చిల ముసలోళ్లు దొర, దొరసాని అని చెప్తరు గానీ, వాళ్లు కూడ ఒకప్పుడు గడ్డి ఇళ్లల్ల ఉన్నోళ్ల పిల్లలే అని నాకిప్పుడే అర్థమైంది.

ఉమ_విచిటా
శీనూ, ఇంకో ముడి. ఆ మిషన్ బోర్డు కార్యాలయం చాలాకాలం హిల్స్‌బోరోలోనే ఉండేది. అక్కడే 1908లో టేబర్ కాలేజీ పెట్టారు, మిషనరీలు చాలామంది అక్కడ చదివినవాళ్లు. ఎన్. ఎన్. హీబర్ట్ మనవడు పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో పుట్టి, టేబర్‌లో చదివి, పాలమూరు జిల్లాలో కొండూరు అనే ఊరి మీద పరిశోధన చేసి పేరున్న మానవశాస్త్రవేత్త అయ్యారు. ఇక గ్నాడెనావ్ వాళ్ల క్రిమియా సంఘం 1960లో మెన్నోనైట్ బ్రెద్రెన్‌లో కలిసిపోయింది. అంటే శీను వాళ్ల చర్చి, ఈ వీధి ఊరు ఇప్పుడు ఒకే కుటుంబం.

చరిత్ర_వెంకట్
అంతా చదివాను, బాగుంది. కానీ ఒక మాట ఎవరూ అనలేదు. ఆ భూమి ఖాళీగా ఎందుకు ఉంది? మారియన్ కౌంటీకి ఈశాన్యంగా ఆనుకునే కౌన్సిల్ గ్రోవ్ ఉంది, అక్కడ కా అనే మూలవాసి తెగ వాళ్ల రిజర్వేషన్ (వాళ్లకు కేటాయించిన భూమి) ఉండేది. కాన్సస్ అనే పేరే వాళ్లది. 1873లో, అంటే గ్నాడెనావ్ కట్టడానికి సరిగ్గా ఏడాది ముందు, వాళ్లను ఇప్పటి ఓక్లహోమాలోకి తరిమేశారు. క్రిమియాలోనూ ఇదే జరిగింది. క్రిమియా యుద్ధం తర్వాత 1860 ప్రాంతంలో తాతార్లు లక్షల్లో టర్కీ దారి పట్టారు, ఆ ఖాళీ అయిన నేలల్లోకే మెన్నోనైట్లు వెళ్లారు. హింసకు దూరంగా బతికినవాళ్లే, కానీ రెండు చోట్లా వేరేవాళ్లు వెళ్లగొట్టబడిన నేల మీద దిగారు. ఈ సంగతి పక్కనపెట్టి ఊరి కథ చెప్తే అది సగం కథే.

నల్లరేగడి
వెంకట్ గారూ, మీరన్నది నిజమే. కానీ ఆ ముప్పై కుటుంబాలు ఎవర్నీ తరమలేదు కదా. తరిమింది ప్రభుత్వం, లాభపడింది రైలు కంపెనీ. వీళ్లు వాయిదాల మీద డబ్బు కట్టి కొనుక్కున్నారు.

చరిత్ర_వెంకట్
వాళ్లను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదండీ. ఇప్పటి మెన్నోనైట్లే కొందరు ఈ విషయం చర్చికి తెచ్చి మాట్లాడుతున్నారు, మనం ఎందుకు వెనక్కి తగ్గాలి? అలాగే ఇది కేవలం విశ్వాసం కోసం చేసిన వలస అని కూడా అనలేం. మొలోచ్నాలో 65 దెస్యాతీన్ల కమతం, దాదాపు 175 ఎకరాలు, దాన్ని ముక్కలు చేయకూడదని నియమం. దాంతో 1860ల నాటికి కుటుంబాల్లో సగానికి పైగా భూమి లేనివాళ్లే. పెద్ద గొడవే నడిచింది. సైన్యం భయం ఎంతో, పిల్లలకు భూమి ఎక్కడ అనే దిగులు కూడా అంతే.

భూమి_కొలతలు
వెంకట్ గారి చివరి మాట పట్టుకునే ఊరు ఎందుకు చెదిరిందో చెప్తాను, శీర్షికలో సగం ప్రశ్న అదే కదా. రష్యాలో భూమి మీద అజమాయిషీ కాలనీది, కాలనీ నియమాలు ప్రభుత్వమే గుర్తించేది. ఊరి పెద్ద మాటకు చట్టం బలం ఉండేది. కాన్సస్‌లో పట్టా మనిషి పేరు మీద. పన్ను మనిషి పేరు మీద. రోడ్లు సెక్షన్ గీతల వెంట వేసింది కౌంటీ, బడులు పెట్టింది రాష్ట్రం ఏర్పాటు చేసిన బడి జిల్లా. ఊరి పెద్ద ఏదైనా అంటే, నాకు ఇష్టం లేదు పో అనేసి తన క్వార్టర్ సెక్షన్‌లో, అంటే సెక్షన్‌లో నాలుగో వంతులో, ఇల్లు కట్టుకోవచ్చు. ఆపే చట్టం ఏదీ లేదు. పైగా ఒకడి ఇల్లు ఇంకొకడి పట్టా భూమిలో ఉంటే అమ్మకాలు, వారసత్వాలు వచ్చినప్పుడు పెద్ద తలనొప్పి. గుర్రాలు లాగే కోత యంత్రాలకు సన్నటి పట్టీలు ఇరుకు. అందరికీ ఒక్కొక్క చెక్క పొలం, దాని మధ్యలో ఇల్లు, అదే మేలనిపించింది.

ఎవరూ ఊరిని పగలగొట్టలేదు, పోట్లాట కూడా జరగలేదు. ఒక్కొక్కరే ఇల్లు విప్పుకుని, కలప, కిటికీలు బండికెత్తుకుని తమ పొలంలోకి మారారు.

ఉమ_విచిటా
దానికి రైలు కూడా తోడైంది. 1879లో శాంటా ఫే ఉప శాఖ మారియన్ నుంచి మెక్‌ఫర్సన్ వైపు వేశారు, దాని మీద హిల్స్‌బోరో పుట్టింది. దుకాణం, ధాన్యం గిడ్డంగి, మిల్లు, పోస్టు అన్నీ స్టేషన్ దగ్గరికి పోయాయి. గ్నాడెనావ్‌కు రైలు లేదు. రెండు మైళ్ల దూరమే కాబట్టి హిల్స్‌బోరో నీడలో అది నిలవలేకపోయింది. చర్చి మాత్రం గ్నాడెనావ్ పేరుతోనే ఇంకా చాలా దశాబ్దాలు నడిచింది.

పక్కనున్న గోసెల్ వైపు కూడా అదే జరిగింది. అలెగ్జాండర్‌వోల్ సంఘం 1874లోనే సుమారు 800 మంది, సంఘం పెద్ద యాకోబ్ బుల్లర్‌తో సహా, రెండు ఓడల్లో వచ్చారు. హోఖ్‌ఫెల్డ్, గ్నాడెన్‌తాల్, బ్లూమెనోర్ట్ అంటూ చాలా వీధి ఊళ్లు కట్టుకున్నారు. అవీ చెదిరి పొలాల మధ్య ఇళ్లుగా మారాయి. కానీ సంఘం చెదరలేదు, ఆ చర్చి ఈరోజుకీ ఉంది.

నా అభిప్రాయం అడిగితే, ఊరు పోయినందుకు బాధే. పక్కింటి చప్పుడు వినపడే బతుకు పోయింది, మైలు దూరానికొక ఇల్లు మిగిలింది. చలికాలంలో ఆ దూరం ఆడవాళ్లకు, ముసలివాళ్లకు ఎంత భారమో ఇక్కడ ఉంటే తెలుస్తుంది. కానీ ఆదివారం చర్చి, గోధుమ కోతలకు ఒకరికొకరు సాయం, ఇల్లు కాలితే అందరూ కలిసి తిరిగి కట్టే అలవాటు, కరువుకు ఎక్కడికైనా ధాన్యం పంపే అలవాటు పోలేదు. 1897లో మన దేశంలో కరువు పడితే అమెరికా మెన్నోనైట్లు ఓడలో ధాన్యం పంపారు, దాన్ని పంచడానికి జార్జ్ లాంబర్ట్ అనే ఆయన వచ్చారు. కాన్సస్ గడ్డ మీద దిగి పాతికేళ్లు కూడా కాలేదు అప్పటికి.

పాలమూరు_శీను
అక్కా, మా చెల్లె డల్లాస్‌ల ఉంటది, వచ్చే వేసవిల అమ్మానాయినల్ని తీసుకొని వస్తున్నం. అక్కడ చూడనీకి ఏమన్న ఉన్నదా? ఊరు లేదంటున్నరు కదా.

ఉమ_విచిటా
తప్పకుండా రండి శీనూ. హిల్స్‌బోరోలో 1876లో కట్టిన పచ్చి ఇటుకల ఇల్లు ఉంది, ఇల్లు, కొట్టం కలిసి ఉన్నది, మధ్యలో ఆ గడ్డి పొయ్యితో సహా. హోఫ్‌నుంగ్‌స్తాల్ అనే ఊరి నుంచి తరలించి నిలబెట్టారు. అక్కడి నుంచి టేబర్ కాలేజీ చూసి, గోసెల్ వెళ్లండి. అక్కడి మ్యూజియంలో నూర్పిడి రాళ్లు, వలసవాళ్లు దిగిన ఇంటి నమూనా, గోధుమ గడ్డితో అల్లిన పెద్ద గంట ఉన్నాయి. జూన్ చివర్లో వస్తే కోతలు కూడా చూడొచ్చు. అమ్మానాన్నలకు ఎండ పడదంటే పొద్దున్నే హిల్స్‌బోరో పెట్టుకోండి, మధ్యాహ్నం మ్యూజియం. మ్యూజియంలు తెరిచే రోజులు ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చిన్న ఊళ్లు కదా, అన్ని రోజులూ తెరవరు. మేరీ గారూ, మీ దగ్గర శంషాబాద్ ఆసుపత్రి పాత ఫోటోలు ఉంటే ఇక్కడ పెట్టండి.

మేరీ_శంషాబాద్
ఉన్నాయండీ, మా పెద్దమ్మ అక్కడ నర్సుగా చేసింది. స్కాన్ చేయించి ఈ వారంలో పెడతాను.